ముంజేతిపై యంత్రం.. కొలువుకు ఆటంకం

పహాడీ షరీఫ్: చర్మం చీలినట్లు, లోపల ఎముకలకు బదులు ఉక్కు కడ్డీలు, నరాలకు బదులు తీగలు, కీళ్ల చోట పళ్ల చక్రాలు ఉన్నట్లు భ్రమ కలిగించే పచ్చబొట్టును బయోమెకానికల్ టాటూ అంటారు. దీనిని ఎక్కువగా ముంజేతిపైనే వేయించుకుంటారు. శ్రీశైలం రహదారిపై శంషాబాద్ విమానాశ్రయానికి చేరువలో ఉన్న పహాడీ షరీఫ్ పరిసరాల యువత ఈ బొమ్మ విషయంలో ఒక సంగతి గమనించాలి. 2008లో ప్రారంభమైన ఆ విమానాశ్రయ భద్రతను చూస్తున్నది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. అలాంటి దళాల్లో చేరదలచిన వారికి ముంజేయి నిండిన టాటూ అనర్హతగా మారుతుంది.

విదేశాల్లో పుట్టిన శైలి
మనిషి దేహాన్ని, యంత్రాన్ని కలిపి చిత్రించే ఈ ధోరణికి ప్రేరణ స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్.ఆర్.గీగర్ (1940-2014). 1979లో వచ్చిన ‘ఏలియన్’ చిత్రంలోని వింత జీవికి రూపమిచ్చింది ఆయనే. దృశ్య ప్రభావాలకు 1980లో ఆస్కార్ అందుకున్న ఆ చిత్ర బృందంలో ఆయనా ఒకరు. నలుపు, బూడిద ఛాయలతోనే బొమ్మ వేసే ‘బ్లాక్ అండ్ గ్రే’ పద్ధతి కాలిఫోర్నియా జైళ్లలో రూపుదిద్దుకొని, 1970లలో లాస్ ఏంజెలెస్ దుకాణాలకు చేరింది. తెలుగునాట ఎరుకల స్త్రీలు పొడిచే పచ్చబొట్టుకూ, దీనికీ సూత్రం ఒక్కటే. సూదితో చర్మం లోపలి పొరకు సిరాను చేర్చడమే రెండింటిలోనూ జరిగే పని.

నీడలతోనే లోహం
ఈ పద్ధతిలో వాడేది నల్ల సిరా ఒక్కటే. దానిని నీటితో పలుచన చేసి బూడిద ఛాయలు తెస్తారు. లోహపు మెరుపు కనిపించవలసిన చోట చర్మాన్ని ఖాళీగా వదులుతారు. చామనఛాయ చర్మంపై లేత ఛాయలు మానిన తరువాత కలిసిపోతాయి కనుక, నలుపును గాఢంగా, ఖాళీలను వెడల్పుగా ఉంచాలి. చేయి తిప్పినప్పుడు ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదానిపై ఒకటి మెలితిరుగుతాయి. వాటితో పాటే బొమ్మా వంకర తిరుగుతుంది. అందుకే చేతిని సహజంగా వదిలిన స్థితిలో నమూనాను అచ్చువేసి, కండరాల వాలును అనుసరించి కడ్డీలను, తీగలను అమరుస్తారు.

నిబంధనలు మూడు
కేంద్ర సాయుధ పోలీసు దళాల వైద్య పరీక్షల మార్గదర్శకాలు టాటూ విషయంలో మూడు అంశాలను పరిశీలిస్తాయి. మొదటిది బొమ్మ: మత చిహ్నాలు, పేర్ల వంటి వాటికే అనుమతి. రెండోది స్థానం: సెల్యూట్ చేయని ఎడమ చేతి ముంజేయి లోపలి వైపు, లేదా అరచేతి వెనుక భాగం. మూడోది పరిమాణం: ఆ భాగంలో పావు వంతు కంటే తక్కువగా ఉండాలి. ముంజేతిని చుట్టివచ్చే యంత్రం బొమ్మ ఈ మూడింటిలోనూ నిలవదు. సైన్యంలో కూడా సాధారణ అభ్యర్థులకు ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనుక భాగం మినహా మరెక్కడా శాశ్వత టాటూకు అనుమతి లేదు.

చెరపడం కష్టం
లోపలి పొరలోని కణాలు సిరాను పట్టి ఉంచడం వల్లనే టాటూ ఏళ్ల తరబడి నిలుస్తుంది. లేజర్‌తో తొలగించాలంటే వారాల వ్యవధితో పలు విడతల చికిత్స అవసరం. నల్ల సిరా ఇతర రంగుల కంటే సులువుగా పోయినా, ముదురు చర్మంపై తెల్లమచ్చలు మిగిలే ప్రమాదం ఉంది.

సూది శుభ్రత ప్రాణప్రదం
ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడితే హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ సోకవచ్చు. సూది ప్యాకెట్‌ను కళ్లెదుటే తెరవాలని, సిరాను విడి మూతలో పోయాలని అడగాలి. హెపటైటిస్-బి టీకా ముందే వేయించుకోవడం మేలు. టాటూ వేయించుకున్న వారు 12 నెలల పాటు రక్తదానానికి అర్హులు కారు. యూనిఫాం కొలువు ఆశించే వారు ఎంపిక ప్రకటనలోని వైద్య నిబంధనలు చదివిన తరువాతే చేయి చాచడం మంచిది.