జార్జ్ చిన్నరీ కుంచెలో హైదరాబాదు బిడ్డలు

ఛాయాచిత్రం ఇంకా పుట్టని కాలంలో, సముద్రాలు దాటివచ్చిన కంపెనీ ఉద్యోగులు తమ రూపాలను స్వదేశంలోని బంధువులకు పంపాలంటే చిత్రకారులే దిక్కు. ఈ అవసరమే ఐరోపా రూపచిత్రకారులను తూర్పు తీరానికి రప్పించింది. 1769లో మద్రాసు చేరిన టిల్లీ కెటిల్ ఆర్కాటు నవాబు మహమ్మదాలీని చిత్రించాడు. ఆ తరువాత విల్లిసన్, హోమ్, హికీ వచ్చారు. హికీ 1816లో గీసిన కాలిన్ మెకంజీ చిత్రంలో దొర పక్కన నిలిచిన సహాయకులలో ఒకరిని కావలి వెంకట లక్ష్మయ్యగా గుర్తిస్తారు. అయితే తెలుగు నేలతో గాఢంగా ముడిపడిన చిత్రం మరొకటి ఉంది. దానిని గీసినవాడు జార్జ్ చిన్నరీ.

1774లో లండనులో జన్మించిన చిన్నరీ రాయల్ అకాడమీలో శిక్షణ పొంది, కొంతకాలం డబ్లిన్‌లో పనిచేశాడు. భార్యను, పిల్లలను అక్కడే విడిచి 1802 డిసెంబరులో మద్రాసు చేరాడు. ఇంగ్లండుకు మళ్ళీ వెళ్ళనే లేదు. పూటకూటికి రూపచిత్రాలు గీసినా, ఆయన మనసు మాత్రం మద్రాసు అలలపై తేలే పడవల మీద, బెస్తల మీద ఉండేదని ఆయన రేఖాచిత్రాలు చూస్తే తెలుస్తుంది. వాటి అంచుల్లో సంక్షిప్తలిపిలో తనకు తానే సూచనలు రాసుకునేవాడు.

హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అక్కడి కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నీసా బేగంను వివాహమాడాడు. ఆ వివాహంపై గవర్నరు జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించిన సంగతి చరిత్రలో ప్రసిద్ధమే. వారి పిల్లలు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805లో వారిని చదువుకై ఇంగ్లండు పంపే ముందు చిన్నరీ మద్రాసులో చిత్రించాడు. అప్పటికి అబ్బాయికి నాలుగేళ్ళు, అమ్మాయికి మూడేళ్ళు.

ఈ చిత్రంలో గమనించదగినది దుస్తులు. పిల్లలను మెట్ల మీద నిలువెత్తుగా నిలబెట్టడం ఐరోపా పద్ధతి; వారు ధరించినది మాత్రం హైదరాబాదు దర్బారు వేషం. కళాచరిత్రకారులు దీనిని చిన్నరీ మద్రాసు రచనల్లో శ్రేష్ఠమైనదిగా మెచ్చుకుంటారు. ఆ మెప్పు న్యాయమే కాని, చిత్రకారుడి నైపుణ్యం దగ్గరే ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. ఓడ ఎక్కిన మరుసటి ఏడు, 1806లో, లండనులో ఆ పిల్లలకు బాప్తిస్మం జరిగింది. వారు విలియం, కేథరిన్ అయ్యారు. పాత పేర్లతో, పాత వేషంతో వారు మిగిలినది ఈ గుడ్డ మీదనే.

తండ్రి 1805 అక్టోబరు 15న కలకత్తాలో మరణించాడు. తల్లి మళ్ళీ పిల్లలను చూడలేదు. కిర్క్‌పాట్రిక్ వద్ద సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రసెల్‌తో కొంతకాలం ఆమె జీవితం ముడిపడింది. హైదరాబాదుకు తిరిగి రావడానికి అనుమతి దొరకక మచిలీపట్నంలో రోజులు వెళ్ళదీసి, చివరకు 1813లో హైదరాబాదులోనే కన్నుమూసింది. చిత్రం రసెల్ వశమై ఇంగ్లండు చేరింది. ఏళ్ళు గడిచాక అతని స్వాలోఫీల్డ్ గృహానికి వెళ్ళిన కేథరిన్, గోడ మీద తననూ అన్ననూ చూసి కన్నీరు ఆపుకోలేకపోయింది. అన్న 1828లోనే పోయాడు.

చిన్నరీ కథ వేరే దారి పట్టింది. 1807లో ఆయనను కలకత్తాకు రప్పించిన పని అక్కడి ప్రధాన న్యాయమూర్తి రూపచిత్రం. ఆ న్యాయమూర్తి మరెవరో కాదు, హెన్రీ రసెల్ తండ్రే. తరువాత ఢాకాలో కొన్నేళ్ళు, మళ్ళీ కలకత్తా. సంపాదన ఎంత పెరిగినా అప్పు అంతకు మించి పెరిగింది. పెద్ద బాకీతో 1825లో మకావు పారిపోయాడు. భార్య నుండి తప్పించుకోవడానికే వెళ్ళాడని ఆనాటివారు పరిహాసం చేసేవారు. ఆ మాటను ఆయనే ప్రచారం చేసినట్టు తోస్తుంది.

మకావులోనే 1852 మే 30న మరణించాడు. హెన్రీ రసెల్ మరణించినదీ ఆ ఏడే. అతని వీలునామా ప్రకారం చిత్రం కేథరిన్‌కు దక్కింది. ఆమె 1889 వరకు జీవించింది. చిత్రం తదనంతరం హాంగ్‌కాంగ్ అండ్ షాంఘై బ్యాంకు సేకరణలో చేరింది. ఆ పిల్లల తండ్రి కట్టించిన రెసిడెన్సీ భవనం కోఠీలో మహిళా కళాశాల అయింది.