కౌన్సెలింగ్ అంటే సీటు మాత్రమే కాదు



కౌన్సెలింగ్ అనగానే కారమడైలో మన ఇళ్ళలో గుర్తుకొచ్చేది ప్లస్ టూ తరువాత ఇంజనీరింగ్ సీటు. అదే పేరుతో మరొక చదువు ఉంది. మనసు బరువెక్కిన మనిషి చెప్పేది విని, తన దారి తానే వెతుక్కునేలా తోడు నిలవడం. ఇదే కౌన్సెలింగ్ సైకాలజీ.

దీనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన కార్ల్ రోజర్స్ (1902–1987). సలహాదారుకు మూడు గుణాలు అవసరమని ఆయన 1957లో రాశారు. ఎదుటివారి స్థానంలో నిలిచి అర్థం చేసుకోవడం, తప్పొప్పులు ఎంచకుండా గౌరవించడం, నటన లేకపోవడం.

ఒక ఉదాహరణ చూద్దాం. మార్కులు తగ్గిన పిల్లవాడు "ఇక నావల్ల కాదు" అంటాడు. మనం వెంటనే "పక్కింటివాణ్ణి చూడు" అంటాము. మాట అక్కడే ఆగిపోతుంది. శిక్షణ పొందినవారు ఇలా చేస్తారు:

1. వినడం: మధ్యలో అడ్డురారు. పిల్లవాడు మౌనంగా ఉంటే తొందరపెట్టరు.

2. అడగడం: "చదవలేదా?" అంటే అవును, కాదుతో సరి. "పరీక్షల రోజుల్లో నీకెలా ఉండింది?" అంటే మాట సాగుతుంది.

3. తిరిగి చెప్పడం: "కష్టపడినా ఫలితం రాలేదని, నాన్నకు ముఖం చూపలేనని బాధపడుతున్నావు, అంతేనా?" పొరపాటైతే పిల్లవాడే సరిదిద్దుతాడు.

4. రహస్యం కాపాడడం: ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం పెద్దలకు, వైద్యులకు తెలపాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. దాచుకున్నది చెప్పుకొనే వీలు కలుగుతుంది.

ఇవి పుస్తకంతో మాత్రమే వచ్చేవి కావు. తరగతిలో ముగ్గురేసి కూర్చుంటారు. ఒకరు చెబుతారు, ఒకరు వింటారు, మూడవవారు గమనించి లోపాలు చూపుతారు. ఏ గ్రూపు చదివినవారైనా డిగ్రీలో సైకాలజీ చేరవచ్చునా అన్నది ఆయా కాలేజీలలో విచారించండి. ఆపై చదువుకు కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, నమోదు తప్పనిసరి.

మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బయట తమిళం. దుఃఖంలో మనిషికి ముందుగా వచ్చేది ఇంటి మాటే. రెండు భాషల్లోనూ వినగలవారు ఈ వృత్తిలోకి వస్తే మన ప్రాంతానికి ఎంతో మేలు.

అంతవరకు అవసరం పడితే 14416కు ఫోను చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది.

తల్లిదండ్రులారా, ఈసారి ఫలితాలు వచ్చిన రోజు మార్కులు అడిగేముందు పిల్లలను కూర్చోబెట్టి, వారు చెప్పేది పూర్తిగా వినండి.