మంచు కొలిచే కర్ర, మా గుమ్మం మీది గీతలు

మా చిన్నాడి ఎత్తు చూడటానికి వంటింటి గుమ్మానికి అంగుళాల గీతలు గీసిపెట్టుకున్నాను. ప్రతి పుట్టినరోజుకీ వాణ్ణి అక్కడ నిలబెట్టి, తారీఖు వేయడం అలవాటు. పక్కింటి పిల్లాడిదీ మావాడి ఈడే. కానీ ఎప్పుడూ వాడు రెండంగుళాలు ఎక్కువే. పైకి అనను గానీ నాకదో ముల్లు! ఓ ఏడాది కొలిస్తే ఇంకేముంది, మావాడు వాడికి సమానమైపోయాడు. నేను పోసిన పాలు వృథా పోలేదని పొంగిపోయాను. మా అత్తగారు నవ్వి, "మొన్నేగా అమ్మాయ్, పాత గచ్చు మీద టైల్స్ వేయించింది! పెరిగినదాంట్లో సగం నేలదే" అన్నారు. ఇద్దర్నీ వీధిలో పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఆ రెండంగుళాల తేడా అలాగే ఉంది.

ఈ సంగతి ఫోన్లో చెబితే స్విట్జర్లాండులో ఉంటున్న మా చెల్లెలు, "అక్కా, ఇక్కడ మంచు లెక్కల్లో జరిగేదీ ఇదే!" అంది.

మంచు అంటే మనకి తెల్లవారుజామున కురిసేదే. అక్కడ ఆల్ప్స్ కొండల్లో మోకాలి లోతు, ఒక్కోచోట నిలువెత్తు పేరుకుంటుంది. చాలా చోట్ల ఊరి మనిషే ఒకరు పొద్దున్నే వెళ్లి, నేలలో పాతిన కొలకర్ర మీద ఎన్ని సెంటీమీటర్లుందో చూసి రాసిపెడతారు. దావోస్ ఊరి పైన వైస్‌ఫ్లూయోఖ్ అనేచోట, 2,536 మీటర్ల ఎత్తున, 1936 నుంచి ఈ కొలత సాగుతోంది. వేసవిలో నదుల్లో నీళ్లు, జలవిద్యుత్తు, స్కీయింగు మీద బతికే ఊళ్లు అన్నీ ఆ మంచుతో ముడిపడినవే. మంచు నిజంగా తగ్గుతోందా లేదా అన్నది తేల్చాల్సింది ఈ అంకెలే.

కానీ ఇన్నేళ్లలో ఎన్ని మారతాయి! నీడలో ఉన్న కర్రను ఎండ తగిలే చోటికి మారిస్తే మంచు త్వరగా కరిగి, తగ్గినట్టు కనిపిస్తుంది. పక్కన చెట్లు ఎదుగుతాయి, ఇల్లు లేస్తుంది. రాసే మనిషి మారతారు. కర్ర బదులు, ధ్వని తరంగాన్ని కిందికి పంపి, అది తిరిగొచ్చే సమయంతో లోతు చెప్పే యంత్రం వస్తుంది. మారింది మంచు కాదు, కొలత!

మరి దొంగను పట్టేదెలా? పక్కింటివాణ్ణి చూసే. చుట్టుపక్కల కేంద్రాల లెక్కలు పక్కన పెట్టి, తేడా ఏ ఏడాది హఠాత్తుగా మారిందో కంప్యూటరుతో వెతుకుతారు. ఒక్కచోటే గెంతు కనిపిస్తే అనుమానం. అప్పుడు పాత పుస్తకాలు తిరగేసి, ఆ ఏడాది కర్ర జరిపారా, మనిషి మారారా అని చూస్తారు. సరిదిద్దడానికి అన్ని రోజులకీ ఒకే అంకె కలిపితే కుదరదు. పలచగా ఉన్న రోజు తేడా తక్కువ, దట్టంగా ఉన్న రోజు ఎక్కువ. అందుకే నిష్పత్తి ప్రకారం సవరిస్తారు.

అన్నిచోట్లా ఒకేసారి తగ్గితే? 1980ల చివర్లో స్విట్జర్లాండులో, ముఖ్యంగా తక్కువ ఎత్తు ప్రాంతాల్లో, అలాగే జరిగింది. అన్ని ఊళ్ల కర్రలూ కూడబలుక్కుని అబద్ధం చెప్పవు కదా! అది వేడెక్కిన చలికాలాల పని. సవరణలు కొన్నిచోట్ల తగ్గుదలను పెంచుతాయి, కొన్నిచోట్ల తగ్గిస్తాయి. మనకు నచ్చిన జవాబు రాబట్టడానికి కాదు ఈ శ్రమంతా.

ఒక చిక్కుంది. అందరూ ఒకేసారి యంత్రాలు పెట్టుకుంటే పక్కింటి పోలిక పనికిరాదు. అప్పుడు దిక్కు ఆ పుస్తకమే. అలాగే కొన్నాళ్లు కర్రనీ యంత్రాన్నీ పక్కపక్కనే ఉంచి కొలిస్తే తేడా తెలుస్తుంది.

మా గుమ్మం మీది గీతలు నేను చెరపలేదు. పక్కన "టైల్స్ వేసిన తేదీ" అని రాసి, అప్పటినుంచీ రెండంగుళాలు తీసేసి చదువుకుంటున్నాం. మీరు కూడా పాప బరువో, పెద్దవాళ్ల బీపీయో రాసుకుంటూ ఉంటారు కదూ? మిషను మార్చిన రోజున ఆ ఒక్కమాటా పక్కన రాయండి. లేకపోతే నాలాగే నేల పెరిగితే పిల్లాడు పెరిగాడని మురిసిపోవాల్సి వస్తుంది!