హంపీ అంగడి వీథులు: సరకు అమ్ముకొను రైతునకొక పాఠము

పంట పండించుట యొక విద్య. పండినదానిని అమ్ముకొనుట వేరొక విద్య. మొదటిదానిని గూర్చి ఈ పత్రికలో తఱచుగా వ్రాయుచునే యున్నాము. రెండవదానిని గూర్చి ఈ మాసమున వ్రాయుటకు హంపీ యాత్ర కారణమైనది. సంఘసభ్యులు కొందఱతో కూడి మేము బళ్లారి మీదుగా హోసపేటకు పోయి, అచ్చటినుండి హంపీ చేరితిమి. 1882 వఱకు మన అనంతపురము బళ్లారి మండలములోనిదే గావున ఆ సీమ మనకు పరాయిది కాదు.

విరూపాక్షస్వామి గోపురమునకు ఎదురుగా తూర్పునకు, ఏకశిలా నందివఱకు సాగిన వీథియే ప్రధానమైన అంగడి వీథి. దాని కిరుప్రక్కల రాతికంబముల మండపములు బారులు తీరి యున్నవి. కృష్ణస్వామి గుడియెదుటను, అచ్యుతరాయల గుడియెదుటను, విఠలుని గుడియెదుటను ఇట్టి వీథులే కలవు. 1520 ప్రాంతమున ఈ నగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేసు, ఇచ్చట వరి, గోధుమ, జొన్న, పెసలు, ఉలవలు మొదలగు ధాన్యములు సమృద్ధిగా దొరకుచుండెననియు, ప్రతి సాయంకాలము జరుగు సంతలో తట్టుగుఱ్ఱములు, నిమ్మ, నారింజ, ద్రాక్షపండ్లు, కూరగాయలు, కట్టెలు సయితము అమ్ముచుండిరనియు వ్రాసియున్నాడు. మన రైతులు వజ్రముల అంగళ్లను గూర్చి వినియున్నారు గాని, ఉలవలు అమ్మిన చోటిదియే యని విని మిక్కిలి సంతసించిరి.

అంతకు ముందు 1443లో, రెండవ దేవరాయల కాలమున, హీరాతునుండి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాకు మఱియొక విశేషము చెప్పినాడు. ఒక్కొక్క వృత్తివారి అంగళ్లు ఒక్కచోటనే చేరియుండెనట. ఇందులోని మేలు రైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు. పది అంగళ్లు ప్రక్కప్రక్కన నున్నచో ధర దాగదు.

అంగడి మాత్రమే కాదు, దానికి తోడుగా కచ్చేరియు నుండెను. రాజప్రాకారములో మహర్నవమి దిబ్బ చెంత నొక విశాల సభాస్థలము కలదు. కొయ్యకంబములు నశింపగా వానిని నిలిపిన రాతిపీఠములు మాత్రము వరుసలుగా మిగిలియున్నవి. రాజమందిరమునకు కుడి ప్రక్కన నలువది కంబముల కచ్చేరి యుండెననియు, దాని ముంగిట లేఖకులు కూర్చుండి లెక్కలు వ్రాయుచుండిరనియు, నడుమ దండనాయకు డున్నతాసనమున కూర్చుండి వచ్చినవారి మొఱలు విని తీర్పు చెప్పుచుండెననియు రజాకు వర్ణించెను. తాటాకుపై గంటముతో గీచిన వ్రాత కొంతకాలమే నిలుచుననియు, నల్లని పూతపై బలపముతో వ్రాసిన తెల్లని వ్రాత చిరకాలము నిలుచుననియు గూడ అతడు గమనించెను. మన పూర్వుల కడితము లిట్టివే. చోటు, వ్రాత, మొఱ వినువాడు: ఈ మూడును కుదిరిన చోటనే సంత సంతయగును.

1565వ సంవత్సరము జనవరి నెలలో రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు పడెను, నగరము కొల్లపోయెను. 1567లో వచ్చి ఏడు నెలలున్న వెనిసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు, ఇండ్లు నిలిచియే యున్నవి గాని మనుష్యులు లేరని వ్రాసెను. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు నగరమును మరల నిలుపదలచి, గుఱ్ఱములను తెచ్చినవారికి వెల యిత్తుననియు, యుద్ధమున పోయిన తన ముద్రగల గుఱ్ఱములను తెచ్చినను సొమ్మిత్తుననియు గోవ వర్తకులకు వర్తమానమంపెనట. వారు నమ్మి వచ్చిరి. గుఱ్ఱములను పుచ్చుకొని, పైకమీయక వారిని పంపివేసిరని ఫ్రెడరికు చెప్పుచున్నాడు. ఆ యేటనే రాజధాని ఎనిమిది దినముల ప్రయాణ దూరమున నున్న మన పెనుగొండకు మాఱెను.

ఈ కథ విన్నంతట మాతో వచ్చిన వృద్ధరైతొకరు, "కంబములు కూలలేదు, కాలువ యెండలేదు, అంగడి మాత్రము లేకపోయెను గదా!" యనిరి. నిజమే. నాటి తుర్తు కాలువ నేటికిని పాఱుచు అరటితోటలను తడుపుచున్నది. యుద్ధము చెఱచిన యంగడిని మరల నిలుపుటకు రాయి చాలదు. ఇచ్చిన మాట నిలువవలయును.

మన సంగతి విచారింతము. కల్లములోనే వేరుసెనగ కొలిచి యిచ్చువారును, పైగుడ్డ చాటున వ్రేళ్లు పట్టి సాగిన బేరములో ధర యెఱుగక తల యూపినవారును మన పల్లెలలో నుండిరి. ఇట్టి యన్యాయములను తొలగించుటకే 1933లో మదరాసు వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టమును, 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టమును వచ్చినవి. బహిరంగ వేలము, సరియైన కాటా, ధరయు తూకమును వ్రాసిన తక్‌పట్టీ, ఇవి రైతు అడిగి తీసికొనదగిన హక్కులు. మార్కెట్ కమిటీయే నేటి మన కచ్చేరి. తరుగు పేర అధికముగా కోసినచో అచ్చట మొఱపెట్టుకొనవలయును. అందుకు చేత చీటి యుండవలయును.

ఒంటరిగా రెండు బస్తాలు తెచ్చినవాడు తొందరపడి అమ్మును. పదిమంది కలిసి బండి నిండుగ తెచ్చినచో కొనువారే వత్తురు. కాని ఉమ్మడి సరకు ఏకరీతిగా నుండవలెను. కాయను ఊపిన గింజ గలగలలాడువఱకు ఎండబెట్టి, తేమ నూటికి ఎనిమిది పాళ్లు మించకుండ చూచి, మన్ను, పుచ్చు, బూజుపట్టిన కాయ ఏఱివేయుడు. ఒకని బస్తాలోని బూజు పదిమంది ధరను తగ్గించును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. సరకును సంఘమున కిత్తునని చేవ్రాలు చేసి, క్వింటాలున కేబది రూపాయలు ఎక్కువ వచ్చునని చీకటిలో దళారి కమ్ముకొను సభ్యుడును, సరకు పుచ్చుకొని సభ్యునకు పైకమీయక నెలలు త్రిప్పు సంఘమును, గుఱ్ఱములను పుచ్చుకొని వెల యీయని ఆ ప్రభుత్వము చేసిన పనినే చేయుచున్నవారు. ఒకసారి వట్టిచేతులతో మరలిన వర్తకుడు మరల రాడు. ఒకసారి మోసపోయిన రైతు మరల సంఘమువంక చూడడు. ఈ యేటి వేరుసెనగ కల్లములకు రాకముందే ప్రతి గ్రామమున సభ్యులు కూడి, ఎవరెన్ని బస్తాలిత్తురో పుస్తకమున వ్రాయించి, పైకము చెల్లించు దినమును గూడ కార్యదర్శిచేత అందే వ్రాయించుకొందురుగాక.