విత్తము కన్న విశ్వాసము: నారాయణ వామన తిలక్

దైవమును, ధనమును ఏకకాలమున సేవించుట అసాధ్యమని క్రైస్తవధర్మము బోధించును. ఈ బోధ యొక కవి జీవితమున ఎట్లు ఫలించెనో తెలియగోరువారు మరాఠీ కవి నారాయణ వామన తిలక్ చరిత్రమును పరిశీలింపవలెను.

1861లో కొంకణమునందలి బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన తిలక్, 1895లో బొంబాయిలో క్రైస్తవమతమును స్వీకరించెను. తత్ఫలితముగ బంధువర్గము దూరమయ్యెను. భార్య లక్ష్మీబాయి సైతము కొన్ని యేండ్లు విడిగా నుండి, 1900లో తానును ఆ మతమునే అవలంబించెను. తిలక్ అమెరికన్ మరాఠీ మిషన్‌లో వేతనముపై పనిచేయుచు, అభంగములలో క్రీస్తును కీర్తించెను. తుకారాముని భక్తిమార్గమే తన్ను క్రీస్తు చెంతకు చేర్చినదని ఆయన భావము.

1917లో ఆయన ఆ వేతనమును విడిచి, సన్న్యాసము గైకొని, 'దేవుని దర్బారు' అను భక్తసమాజమును నెలకొల్పెను. బాప్తిస్మము పొందినవారికే గాక, పొందనివారికిని అందు చోటు కలదు.

ఇట్టి త్యాగమున ఒక చిక్కు కలదు. త్యజించువాడు ఒక్కడే యైనను, లేమిని అనుభవించునది ఇల్లెల్ల. లక్ష్మీబాయి ఆత్మకథ 'స్మృతిచిత్రే' ఈ సత్యమును దాచలేదు. చేతికందిన డబ్బును భర్త పరులకిచ్చివేయుటయు, ఇల్లు గడుపుటకు తాను పడిన పాట్లును ఆమె అందు నిష్ఠురమున గాక హాస్యముతో వర్ణించెను. 1919లో తిలక్ మరణించునాటికి 'క్రిస్తాయన' కావ్యము అసంపూర్ణముగ నుండెను. దానిని కొనసాగించినదియు ఆమెయే.

తిలక్ త్యాగమును గణించువారు ఆ పాట్లను గూడ గణింపవలెను.