ఉరుము వాద్యం – వర్చువల్ డ్రమ్ సాఫ్ట్‌వేర్: ప్రాసెసర్ భారాన్ని గుర్తించే క్రమం

వ్యాససంగ్రహం:

జానపద చర్మవాద్యాల దరువులను విడివిడిగా ముద్రించి, కంప్యూటర్‌లో తిరిగి వాయించుకోగల వాద్యంగా కూర్చడానికి వర్చువల్ డ్రమ్ సాఫ్ట్‌వేర్ ఉపకరిస్తుంది. ఈ పనిలో ప్రాసెసర్ మీద భారం పెరిగి ధ్వని తెగిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఆ భారం ఎక్కడ పుడుతుందో, దాన్ని ఏ క్రమంలో గుర్తించాలో, వాద్యలక్షణం చెడకుండా ఎలా తగ్గించాలో అనంతపురం ప్రాంతపు ఉరుము వాద్యాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉరుము, చర్మవాద్యాలు, వర్చువల్ డ్రమ్, ప్రాసెసర్, బఫర్, ధ్వనిముద్రణ.

1. ప్రవేశిక:

లేపాక్షి వీరభద్రాలయంలోని నాట్యమండప స్తంభాల మీద వాద్యకారుల శిల్పాలున్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండతో సంబంధమున్న విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల పేర్లతో ఈ ఆలయ నిర్మాణం ముడిపడి ఉంది. శిల్పం వాద్యాన్ని పట్టుకొన్న తీరును చూపగలదు గాని నాదాన్ని వినిపించలేదు. నాదాన్ని నిలిపే అవకాశం ధ్వనిముద్రణతో వచ్చింది.

ఉమ్మడి అనంతపురం జిల్లా జానపద కళల్లో ఉరుములకు ప్రత్యేకస్థానం ఉంది. ఉరుము రెండు ముఖాల చర్మవాద్యం. ఒక ముఖాన్ని కర్రతో కొడతారు. రెండో ముఖం మీద వంపు కర్రతో రాపిడి చేసి, సాగే గంభీరనాదాన్ని పుట్టిస్తారు. పేరుకు తగినట్లు అది మేఘగర్జనను తలపిస్తుంది.

ఒక ప్రదర్శనను ముద్రిస్తే ఆ ప్రదర్శన మాత్రమే నిలుస్తుంది. దరువులను విడివిడిగా ముద్రించి వర్చువల్ డ్రమ్‌లో అమర్చితే, ఒక్కొక్క దెబ్బను వేరుచేసి వినవచ్చు. నడకను మందగింపజేసి తరగతిలో విశ్లేషించవచ్చు. అయితే అధ్యాపకుల దగ్గర సాధారణంగా ఉండే ల్యాప్‌టాప్‌లో ఈ అమరిక నడిచేటప్పుడు చిటపటలు, మధ్యలో నిశ్శబ్దాలు వినిపించవచ్చు. అప్పుడు తొందరపడి ముద్రించిన శబ్దాలను కత్తిరిస్తే సమస్య తీరకపోగా వాద్యస్వభావమే దెబ్బతింటుంది.

2. ప్రాసెసర్ భారం – స్వరూపం:

డిజిటల్ ధ్వనిలో సెకనుకు 44,100 శబ్దాంశాలుంటాయనుకొందాం. కంప్యూటర్ వీటిని ఒక్కొక్కటిగా కాక చిన్న గుంపులుగా సిద్ధం చేస్తుంది. ఆ గుంపు పరిమాణమే బఫర్. బఫర్ 128 అయితే ప్రాసెసర్‌కు దొరికే గడువు సుమారు 2.9 మిల్లీసెకన్లు. ఆ గడువులోగా మోగుతున్న శబ్దాలన్నింటినీ చదివి, కలిపి, ప్రతిధ్వని వంటి హంగులు చేర్చి అందించాలి. ఒక్కసారి గడువు తప్పినా ధ్వనిలో ఖాళీ ఏర్పడుతుంది. దాన్నే చెవి చిటపటగా గ్రహిస్తుంది.

కాబట్టి ఇక్కడ ప్రశ్న మొత్తం పని ఎంత అన్నది కాదు, గడువులోపు పూర్తయిందా లేదా అన్నది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వినియోగం 25 శాతమే కనిపిస్తున్నా ధ్వని తెగిపోవడానికి కారణం ఇదే. నాలుగు కోర్లలో ఒకటి పూర్తిగా నిండి, మూడు ఖాళీగా ఉన్నా సగటు 25 శాతమే అవుతుంది. ఒక ట్రాక్‌లోని వాద్యం, దాని వెంట వరుసగా ఉండే హంగులు ఒకదాని ఫలితం మీద మరొకటి ఆధారపడతాయి. అందువల్ల ఆ వరుసను పలు కోర్లకు పంచడం కష్టం. ధ్వని సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే కొలమానాన్ని చూడడం మొదటి నియమం.

3. కారణాన్ని గుర్తించే క్రమం:

ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితాన్ని నమోదు చేసుకోవాలి. పలు మార్పులు కలిపి చేస్తే కారణం తెలియదు.

3.1 బఫర్: 128 నుంచి 512కు పెంచితే గడువు సుమారు 11.6 మిల్లీసెకన్లు అవుతుంది. చిటపటలు ఆగితే సమస్య గడువుకు సంబంధించినదే. ప్యాడ్ మీద కొట్టి వాయించేటప్పుడు ఈ జాప్యం చేతికి తెలుస్తుంది. ముద్రించినవాటిని కూర్చేటప్పుడు, వినేటప్పుడు మాత్రం దీనివల్ల ఇబ్బంది ఉండదు.

3.2 హంగులు: ప్రతిధ్వని మొదలైనవాటిని ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. భారం గణనీయంగా తగ్గితే దోషం వాద్యానిది కాదు. ప్రతి ట్రాక్‌కూ వేరువేరుగా పెట్టిన ప్రతిధ్వనిని తొలగించి, అన్నింటికీ ఒకటే ఉమ్మడిగా ఉంచితే సరిపోతుంది.

3.3 డిస్క్, డ్రైవర్లు: కొలమానం తక్కువ చూపుతున్నా ధ్వని తెగుతుంటే ప్రాసెసర్‌ను అనుమానించనక్కరలేదు. శబ్దపు ఆరంభభాగాన్ని మెమరీలో ఉంచి, మిగిలినదాన్ని వాయించేటప్పుడు డిస్క్ నుంచి చదివే పద్ధతిని 1998లో వచ్చిన గిగాసాంప్లర్ ప్రచారంలోకి తెచ్చింది. డిస్క్ నెమ్మదిగా ఉంటే ఈ పద్ధతిలో అంతరాయం తప్పదు. వైఫైని తాత్కాలికంగా ఆపినప్పుడు చిటపటలు పోతే దాని డ్రైవర్ కారణమని భావించవచ్చు.

3.4 వేడి, విద్యుత్తు: మొదట బాగా నడిచి, కొంతసేపటికి ధ్వని తెగడం మొదలైతే వేడిని గమనించాలి. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. రాయలసీమ వేసవిలో ఫ్యాన్ లేని గదిలో ఇది సహజం. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కూడా వేగం తగ్గవచ్చు.

3.5 అతిసూక్ష్మ సంఖ్యలు: శబ్దం సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసేవేళ భారం పెరగడం విచిత్రంగా తోస్తుంది. సున్నకు అతి సమీపంలోని డీనార్మల్ సంఖ్యలను లెక్కించడానికి కొన్ని ప్రాసెసర్లకు ఎక్కువ సమయం పడుతుంది. నేటి ప్లగిన్లు చాలావరకు వీటిని సున్నగా మార్చివేస్తాయి. పాత ప్లగిన్లలో ఈ లోపం ఉండవచ్చు.

4. ఉరుము విషయంలో ప్రత్యేక సమస్య:

వర్చువల్ డ్రమ్‌ల నిర్మాణం ఎక్కువగా దెబ్బకొక శబ్దం అన్న భావన మీద ఆధారపడింది. ఉరుములోని రాపిడినాదం దెబ్బ కాదు, సాగే ధ్వని. ఉదాహరణకు, మూడు సెకన్ల నిడివి గల రాపిడి శబ్దాన్ని సెకనుకు నాలుగుసార్లు పలికిస్తే ఒకేసారి 12 శబ్దాలు మోగుతుంటాయి. ముద్రణకు ఆరు మైకులు వాడి ఉంటే అవి 72 ధ్వనిధారలవుతాయి. వాటన్నింటినీ ప్రాసెసర్ ప్రతి గడువులోనూ కలపాలి.

అసలు వాద్యంలో ఇలా జరగదు. ఒకే చర్మం మీద కొత్త రాపిడి మొదలైతే పాతది ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో చోక్ గ్రూప్ అనే ఏర్పాటుతో ఈ స్థితిని సాధించవచ్చు. రాపిడి శబ్దాలన్నింటినీ ఒకే గ్రూపులో చేర్చి, కొత్తది మొదలుకాగానే పాతది కొన్ని పదుల మిల్లీసెకన్లలో సన్నగిల్లేటట్లు అమర్చాలి. అప్పుడు ధారలు 72 నుంచి దాదాపు ఆరుకు తగ్గుతాయి. కొట్టే ముఖపు దెబ్బలను మాత్రం ఈ గ్రూపులో చేర్చరాదు. రెండు ముఖాలూ ఏకకాలంలో పలకడమే ఈ వాద్యపు జీవం.

5. తగ్గించదగినవి, తగ్గించరానివి:

ఒకే దెబ్బకు ముద్రించిన పలు రూపాలను వరుసగా మార్చిమార్చి పలికించే పద్ధతి రౌండ్ రాబిన్. దెబ్బ బలాన్ని బట్టి వేరువేరు శబ్దాలు ఎంచుకోవడం మరొకటి. భారం పెరిగితే ముందుగా వీటిని తొలగించాలని తోస్తుంది. కాని ఒక దెబ్బకు సాధారణంగా ఒక రూపమే మోగుతుంది. మిగిలినవి మెమరీలో స్థలం తీసుకొంటాయే తప్ప ప్రాసెసర్‌ను శ్రమపెట్టవు. వాటిని తొలగిస్తే భారం తగ్గదు. దరువు మాత్రం యంత్రం కొట్టినట్లు ఏకరీతిగా మారుతుంది. మెమరీ నిజంగా చాలకపోతే, వాడే దెబ్బలను మాత్రమే లోడ్ చేసే సదుపాయాన్ని ఎంచుకోవాలి.

తగ్గించదగినవి వేరే ఉన్నాయి. పాఠం చెప్పడానికి ఆరు మైకుల ధ్వని అవసరం లేదు, రెండు చాలు. 96 కిలోహెర్ట్జ్ వద్ద నడిపే ప్రాజెక్టును 48కి మార్చితే సెకనుకు చేయవలసిన లెక్క దాదాపు సగమవుతుంది. మార్పులు పూర్తయిన ట్రాక్‌ను ఆడియోగా మార్చే ఫ్రీజ్ సదుపాయం వాడితే ఆ వాద్యపు భారం దాదాపుగా పోతుంది.

6. ముగింపు:

ప్రాసెసర్ భారాన్ని తగ్గించే క్రమంలో బఫర్, హంగులు, డిస్క్, వేడి, ఏకకాలంలో మోగే శబ్దాల సంఖ్య అన్నవి ముందు పరిశీలించదగినవి. శబ్దాల వైవిధ్యం, నాదపు నిడివి చివరి వరకు ముట్టుకోరానివి. ఉరుము విషయంలో వాద్యధర్మాన్ని అనుసరించిన అమరికే ప్రాసెసర్‌కు కూడా తేలికైనదని పై లెక్క తెలుపుతుంది. ఆ అమరిక సరైనదా కాదా అన్నది కొలమానం చెప్పలేదు. వాయించే కళాకారుడికి వినిపించి నిర్ధారించుకోవాలి.

మూలముద్రణను పూర్తి నాణ్యతతో విడిగా భద్రపరచాలి. తేలిక చేసిన ప్రతిలో ఏయే మార్పులు చేశారో దాని వెంటే రాసి ఉంచాలి. లేనిపక్షంలో ల్యాప్‌టాప్ పరిమితివల్ల కుదించిన నాదాన్ని రేపటి పరిశోధకులు ఉరుము సంప్రదాయంగా పొరబడే ప్రమాదం ఉంది.