గొడుగేసుకుని స్నానాలగదికి!

తమ్ముడి కాపురం చూడ్డానికి ఒసాకా వెళ్ళాను. కోట చూడ్డం అయ్యాక, "ఇహ కొత్త కట్టడాలు చూద్దాం వదినా" అని మరదలు బయల్దేరదీసింది.

ముందు ఉమెదా స్కై బిల్డింగ్. హిరోషీ హరా అనే ఆయన డిజైన్ చేశాడు, 1993లో పూర్తయింది. నలభై అంతస్తుల మేడలు రెండు. పైన ఆ రెంటినీ కలిపే కప్పు, దాని మధ్యలో గుండ్రటి పెద్ద కంత. మొత్తం 173 మీటర్ల ఎత్తు. రెండు మేడల మధ్య గాలిలో వేలాడే ఎస్కలేటర్ ఎక్కి పైకి వెళ్ళాలి. నేను కళ్ళు మూసుకుని ఎక్కాను కాబట్టి దాని గురించి ఇంతకన్నా చెప్పలేను!

నన్ను పట్టుకున్నది సుమియోషీలోని ఓ ఇరుకిల్లు. ఎవరిదో సొంతిల్లు కనక బయటినుంచే చూశాం. చుట్టూ మామూలు ఇళ్ళు. మధ్యలో బోసి కాంక్రీటు గోడ, ఒక్క గుమ్మం. కిటికీ అన్నది లేదు. 1976లో తదావో ఆండో కట్టిన ఇల్లిది. ఒసాకాలోనే పుట్టాడాయన. కొన్నాళ్ళు బాక్సింగ్ చేశాడు. ఆర్కిటెక్చర్ ఏ కాలేజీలోనూ చదవలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. 1995లో ప్రిట్జ్‌కర్ బహుమతి వస్తే ఆ లక్ష డాలర్లూ కోబే భూకంపంలో అనాథలైన పిల్లలకిచ్చేశాడు.

ఇంటి వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు, పొడవు పద్నాలుగు. అంత చిన్న ఇంటిని మూడు ముక్కలు చేసి, నడిమి ముక్కని ఆకాశానికి వదిలేశాడు. కింద ముందువైపు హాలు, వెనక వంటిల్లు, స్నానాలగది. పైన చెరో వైపూ పడగ్గది, మధ్య చిన్న వంతెన. వానొస్తే పడగ్గదిలోంచి స్నానాలగదికి గొడుగేసుకుని వెళ్ళాల్సిందే!

మా అమ్మమ్మగారి మండువా ఇల్లు గుర్తొచ్చింది. కానీ మండువాకి చుట్టూ వసారా ఉంటుంది, తడవకుండా తిరగొచ్చు. ఇక్కడ హాల్లో కూర్చున్న చుట్టానికి కాఫీ ఇవ్వాలంటే ఇల్లాలు వాన దాటాలి. "ఈయన ఎప్పుడైనా కాఫీ కప్పులు మోశాడా?" అన్నాను.

మరదలు నవ్వలేదు.

"నాకైతే ఆ ఇల్లే కావాలనిపిస్తుంది వదినా. మా తొమ్మిదో అంతస్తులో తలుపులేసుకుంటే వాన పడుతోందో లేదో కూడా తెలీదు. ఆయన తడిసి ఇంటికొస్తే అప్పుడు తెలుస్తుంది."

ఏం చెప్పను? హైదరాబాద్‌లో మా బాల్కనీని పట్టుబట్టి అద్దాలతో మూయించింది నేనే. దుమ్మొస్తోందని.

దారిలో తనే ఇంకో సంగతి చెప్పింది. ఒసాకా దగ్గర ఇబరాకిలో ఆండో కట్టిన చర్చి ఉంది, 1989 నాటిది. గోడని శిలువ ఆకారంలో చీల్చి అందులోంచి వెలుగు రానిచ్చాడు. ఆ చీలికకి అద్దం వద్దని ఆయన పట్టు. చలికి వణికేది ప్రార్థనకొచ్చేవాళ్ళు కదా, వాళ్ళు ఒప్పుకోలేదు. అద్దం పెట్టాల్సి వచ్చింది.

మర్నాడు నకనోషిమాలో పిల్లల పుస్తకాల భవనానికి వెళ్ళాం. ఆండోయే కట్టించి ఊరికి బహుమతిగా ఇచ్చాడు, 2020లో తెరిచారు. గోడల నిండా పైకప్పు దాకా పుస్తకాలే. పిల్లలు మెట్లమీదే చతికిలబడి చదువుతున్నారు. వాళ్ళ మధ్య మరదలూ కూర్చుంది. గంటసేపు లేవలేదు.

ఆ సాయంత్రం వాన పట్టింది. ఆరేసిన బట్టలు తీద్దామని బాల్కనీ తలుపు తీసిన మరదలు, బట్టల సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది. జల్లు హాల్లోకి కొడుతోంది. తలుపెయ్యమనలేదు నేను. కాఫీ కలిపి అక్కడికే తెచ్చాను.